షెడ్డులో యంత్రాలున్నాయి, గోదాంలో పిక్క లేదు: ఉద్దానం అంచున ఒక జీడి యూనిట్ కేస్ స్టడీ

ఈ కేసులో పట్టణం, సంఘాలు, బ్యాంకు, వ్యాపారుల వివరాలు తీసేశాం. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న చోట అంకెల్ని గుండ్రం చేశాం, దామాషా మాత్రం చెడనివ్వలేదు. ధరలన్నీ ఒక సీజన్‌వి. జీడి ధర వారానికో తీరుగా ఉంటుంది కాబట్టి ఎవరి ధరలు వాళ్లు వేసుకుని లెక్క తిరగేసుకోవాలి.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లాలోని పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లో జీడి పరిశ్రమలు వందల్లో ఉన్నాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు ఉద్దానం ప్రాంతపు తోటల్లో రాలిన పిక్క (పెంకుతో ఉన్న జీడిగింజ) చాలామటుకు అక్కడికే చేరుతుంది. తోట పిక్క మార్చి నుంచి జూన్ వరకే. ఏడాది పొడవునా అన్ని యూనిట్లకూ అది చాలదు గనక మిగతా నెలలు ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో దిగే పిక్కతో నడుస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని కూల్చేశాక స్థానిక పిక్క ఇంకా తగ్గింది. కొత్తగా అంటుమొక్క నాటినా కాపు మొదలవడానికి మూడేళ్లు పడుతుంది, బస్తాల లెక్కన కాయడానికి మరికొన్నేళ్లు.

మన కేసు జరిగిన పట్టణం ఈ పెద్ద మార్కెట్‌కి గంట దూరం. చిన్న మున్సిపాలిటీ. అక్కడి ఆడవాళ్లకు జీడి పని కొత్త కాదు. బోర్మా (పప్పును ఆరబెట్టే వేడి పెట్టె) నుంచి దిగిన పొట్టు పప్పు సంచుల్లో ఇళ్లకు వస్తుంది. చిన్న చాకుతో పొట్టు తీసి, గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా విడిన సగం), ముక్క వేరు చేసి తిరిగి పంపిస్తారు. కిలోకి ఇంతని కూలి. పప్పు ధర పెరిగినా తగ్గినా ఆ కూలి పెద్దగా కదలదు.

ఈ కూలి దగ్గరే ఆగిపోకుండా సొంత యూనిట్ పెట్టుకుంటే లాభం కూడా వాళ్లకే మిగులుతుందన్నది పథకం వెనక ఆలోచన. రెండు పొదుపు సంఘాల నుంచి 24 మంది ముందుకొచ్చారు. ఖాళీగా ఉన్న పాత మార్కెట్ షెడ్డును మున్సిపాలిటీ లీజుకిచ్చింది. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద 14 లక్షల ప్రాజెక్టు తయారైంది. సొంత వాటా 10 శాతం, అంటే 1.4 లక్షలు. సబ్సిడీ 35 శాతం, అంటే 4.9 లక్షలు. మిగిలిన 7.7 లక్షలు బ్యాంకు అప్పు. ఐదేళ్ల గడువు, 10 శాతం వడ్డీ వేసుకుంటే నెల కిస్తీ 16 వేల పైచిలుకు.

చిన్న బాయిలర్, కుక్కర్, 10 కటింగ్ టేబుళ్లు, ట్రేల బోర్మా, పీలింగ్ టేబుళ్లు, జల్లెడలు, సీలింగ్ యంత్రం, తూకాలు వచ్చాయి. రోజుకు 400 కిలోల పిక్క, అంటే 80 కిలోల బస్తాలు 5, కోసే సామర్థ్యం. ప్రారంభోత్సవం బాగానే జరిగింది. కాగితాల మీద ‘గ్రౌండ్ అయిన’, అంటే పని మొదలుపెట్టిన, యూనిట్‌గా లెక్కలోకి ఎక్కింది.

వచ్చిన సమస్య

మొదటి 8 నెలల్లో యూనిట్ నడిచింది 41 రోజులు. వరుసగా రెండు కిస్తీలు తప్పాయి, మూడోది దగ్గర పడింది. ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. ఈ పథకంలో సబ్సిడీ చేతికి రాదు. అప్పు ఖాతాకు జతగా విడిగా ఉంటుంది. మూడేళ్లపాటు ఖాతా సక్రమంగా ఉండి, యూనిట్ నడుస్తూ ఉంటేనే అప్పులో సర్దుబాటు అవుతుంది. కిస్తీ 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, 4.9 లక్షలకూ ఎసరొస్తుంది. సభ్యులు మాత్రం ఆ డబ్బు తమకు వచ్చేసిందనే అనుకుంటున్నారు.

యూనిట్ ఎందుకు నడవడం లేదంటే అడిగిన ప్రతిచోటా మూడు జవాబులే: ఆడవాళ్లు రోజూ రావడం లేదు, కటింగ్‌లో నైపుణ్యం చాలదు, మార్కెటింగ్ లేదు. మొదటి ప్రయత్నాలు ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి.

ఏం ప్రయత్నించారు, ఎందుకు ఫలించలేదు

ముందు శిక్షణ. పది రోజుల కటింగ్ శిక్షణ మళ్లీ ఇప్పించారు. శిక్షణ బాగుంది, నేర్చుకున్నవాళ్లలో సగం మంది రెండు నెలల్లో దగ్గర్లోని ప్రైవేటు యూనిట్లకు వెళ్లిపోయారు. దీన్ని క్రమశిక్షణ లోపంగా రాసుకున్నారు. వెళ్లినవాళ్లను అడిగితే విషయం వేరు. నెలకు ఐదు రోజుల పని కోసం పాతిక రోజుల పని ఎవరు వదులుకుంటారు? హాజరు తగ్గడం యూనిట్ ఆగిపోవడానికి కారణం కాదు, యూనిట్ ఆగిపోవడం వల్లే హాజరు తగ్గింది. ఈ వరస తిరగబడి రాసుకున్నంతకాలం మందు కూడా తిరగబడే ఉంటుంది.

తర్వాత బ్రాండు. 250 గ్రాముల రంగు పౌచ్‌లు, 5 వేలకు తక్కువ అచ్చు వేయమన్నారని 5 వేలూ వేయించారు. జిల్లా కేంద్రంలో ఐదు రోజుల ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టారు. 60 కిలోలు అమ్ముడుపోయాయి. అందరూ సంబరపడ్డారు. యూనిట్ నిండుగా నడిస్తే ఒక్కరోజుకు వచ్చే పప్పు 100 కిలోలు. ఐదు రోజుల స్టాల్ ఒక పూట ఉత్పత్తిని కాస్త మించి అమ్మింది, అంతే. మిగిలిన ప్యాకెట్లలో కొన్ని రెండు నెలలకే పురుగు పట్టాయి. సీల్ చేసే ముందు పప్పు తేమ 5 శాతం లోపు ఉందో లేదో చూసే పరికరం లేదు, నైట్రోజన్ నింపే ఏర్పాటూ లేదు. చిల్లర ప్యాకెట్ వ్యాపారం చెడ్డదేమీ కాదు గానీ అది రెండో ఏడాది, మూడో ఏడాది పని. నెలలో ఐదు రోజులు నడిచే యూనిట్ ఒక దుకాణదారుడికి నెలనెలా సరుకిస్తానని మాట ఇవ్వలేదు.

మూడోది చవక పిక్క. ఏప్రిల్‌లో వాన పడ్డ వారం ధర దిగిందని పొదుపు డబ్బుతో 30 బస్తాలు ఒకేసారి కొన్నారు. పండు గుజ్జు ఇంకా అంటుకుని ఉన్న పచ్చి పిక్క. కళ్ళం చిన్నది కావడంతో సగాన్ని షెడ్డులో నేల మీద నడుమెత్తు కుప్ప పోశారు. మూడో రోజుకే కుప్ప లోపల వేడెక్కింది. కోసి చూస్తే పప్పు మీద నల్ల మచ్చలు.

పచ్చి పిక్క నష్టం కంటికి కనిపించదు కాబట్టి దాన్ని బస్తా లెక్కలో చూపించాల్సి వచ్చింది. బాగా ఎండిన పిక్కలో తేమ 9 శాతం అనుకుందాం, కొన్నది 16 శాతం. 80 కిలోల బస్తా ఎండేసరికి 74 కిలోల దగ్గర ఆగుతుంది. పొట్టు తీసిన పప్పు 20 కిలోలు రావాల్సింది 18.5 వస్తుంది. సగటున కిలో 615 రూపాయల లెక్కన బస్తాకు 900 రూపాయల పైన పోయినట్టే. వాన వారంలో ధర తగ్గింది కిలోకి 6 రూపాయలు, అంటే బస్తాకు 480. చవకగా కొన్నామనుకున్న చోట బస్తాకు 400కి పైగా ఎక్కువ పెట్టారు. కుప్పలో నల్లబడింది దీనికి అదనం.

నాలుగోది షావుకారి అరువు. ఒక వ్యాపారి పిక్క అరువిస్తానన్నాడు. పిక్క ధర బజారు కంటే కిలోకి 5 రూపాయలు ఎక్కువ, పప్పు తిరిగి తనకే అమ్మాలి, కిలోకి 30 రూపాయలు తక్కువకి. వడ్డీ లేదన్నాడు. సభ్యులకు ఇది మేలైన బేరంలా తోచింది. బస్తా మీద చూస్తే పిక్క వైపు 400, పప్పు వైపు 20 కిలోలకు 600, మొత్తం 1,000 రూపాయలు. 9,200 రూపాయల సరుకును సుమారు నెల రోజులు వాడుకున్నందుకు 1,000, అంటే నెలకు నూటికి దాదాపు 11. ఊళ్లో చేబదులు వడ్డీ నూటికి 3 అంటేనే గుండె జారే మనుషులు, వడ్డీ అన్న మాట వినబడలేదు కాబట్టి దీన్ని నాలుగు నెలలు కట్టారు. వ్యాపారిని తిట్టి లాభం లేదు. అతను తన డబ్బుకు అడిగిన ధర అది. వేరే చోట డబ్బు దొరక్క వీళ్లు ఒప్పుకున్నారు.

అసలు లెక్క

మా దగ్గరికి కేసు వచ్చినప్పుడు మొదట చేసింది ఒక బస్తాను చివరిదాకా వెంబడించడం. ఎండిన 80 కిలోల పిక్క, కిలో 115 చొప్పున 9,200. పొట్టు తీసిన పప్పు 20 కిలోలు. అందులో గుండు 70 శాతం, 14 కిలోలు, సగటున 660 చొప్పున 9,240. బద్ద 3.5 కిలోలు, 560 చొప్పున 1,960. ముక్క 2.5 కిలోలు, 440 చొప్పున 1,100. బాయిలర్‌కి పోగా మిగిలిన పెంకు అమ్మితే 200. మొత్తం రాబడి 12,500. కూలి, కరెంటు, ప్యాకింగ్ కలిపి ఖర్చు 1,800. బస్తాకు మిగిలేది 1,500.

అంటే వ్యాపారం నష్టాలది కాదు. మరి ఎక్కడ ఆగింది? రెండో లెక్క రోజులది. ఎండబెట్టడం 3 రోజులు, ఆవిరి పట్టి రాత్రంతా ఆరనివ్వడం 1, కటింగ్ 2, బోర్మా 1, పీలింగ్ 3, గ్రేడింగ్ ప్యాకింగ్ 2, మొత్తం 12 రోజులు. గుండు పప్పు కొనే టోకు వ్యాపారి డబ్బిచ్చేది సగటున 20 రోజులకు. ఈ రోజు పెట్టిన రూపాయి 32 రోజులకు తిరిగి వస్తుంది. రోజుకు 5 బస్తాల పిక్క 46 వేలు, ఖర్చులు 9 వేలు, మొత్తం 55 వేలు బయటికి వెళ్తాయి. 32 రోజులకు 17.6 లక్షలు. యూనిట్ ఒక్కరోజు కూడా ఆగకుండా తిరగాలంటే చేతిలో తిరిగే డబ్బు అంత ఉండాలి. ఇది సీజన్ పిక్క నిల్వ పెట్టుకోకుండానే.

సంఘం దగ్గర ఉన్నది 3 లక్షలు. రోజుకు 55 వేల చొప్పున అది ఐదున్నర రోజులకు అయిపోతుంది. తర్వాత డబ్బు తిరిగొచ్చేదాకా దాదాపు నెల విరామం. 8 నెలలంటే 240 రోజులు, 32 రోజుల చొప్పున ఏడున్నర చుట్లు, చుట్టుకు ఐదున్నర రోజులు: 41. హాజరు పుస్తకంలో ఉన్నదీ 41 రోజులే. ఇంత కచ్చితంగా కలవడం కొంత యాదృచ్ఛికమే అయినా, ఆ అంకెలు పక్కపక్కన రాసి చూపించిన రోజు నుంచి క్రమశిక్షణ గురించి ఎవరూ మాట్లాడలేదు.

యంత్రాలకు 14 లక్షలు పెట్టారు. నిండు సామర్థ్యంతో ఏడాదిలో 250 రోజులు నడిస్తే పిక్కకే 1 కోటి 15 లక్షలు కావాలి. ప్రాజెక్టు రిపోర్టులో యంత్రాల పట్టిక మూడు పేజీలు, నడిపే పెట్టుబడి ఒక్క వరస. జీడిలో అమ్మిన రూపాయిలో 70–75 పైసలు పిక్కదే. ఇలాంటి పనికి యంత్రం మీద సబ్సిడీ ఇస్తే కష్టంలోని చిన్న ముక్కకు సాయం చేసినట్టు. పథకం తప్పని అనడం లేదు. అందులోనే సంఘ సభ్యులకు తలా 40 వేల దాకా మూలధనం ఇచ్చే వీలుంది. దాని కోసం ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎందుకంటే యంత్రంలా అది ఫొటోలో కనబడదు.

ఏది పనిచేసింది

మొదటి నిర్ణయం: కొన్నాళ్లు సొంత పిక్క కొనడం మానేయడం. సభ్యులకు ఇది ఓటమిలా అనిపించింది. కూలి బతుకు నుంచి బయటపడదామని పెట్టుకున్న యూనిట్‌లో మళ్లీ కూలికి కోయడమేమిటని వాదన నడిచింది. మా తర్కం ఇది: కిస్తీ ఆగకూడదు, కటింగ్ చేసేవాళ్లు వెళ్లిపోకూడదు, బ్యాంకు ఖాతాలో నెలనెలా కదలిక కనబడాలి. ఈ మూడూ డబ్బు పెట్టకుండా జరిగే దారి జాబ్ వర్క్ ఒక్కటే. పిక్క ఇచ్చేవాడిది, కోసిపెట్టే పని మనది. కిలో పిక్కకు 25 రూపాయల చొప్పున బస్తాకు 2,000 కుదిరింది. ఖర్చు 1,800 పోగా 200. రోజుకు 5 బస్తాలు, నెలకు 25 రోజులు, నెలకు 25 వేలు. కిస్తీ పోగా చేతిలో 9 వేలు. లాభమని చెప్పుకునేంత కాదు, కానీ నెలలో పాతిక రోజులు షెడ్డు తలుపు తెరుచుకుంటుంది.

జాబ్ వర్క్‌లో గొడవంతా తిరిగిచ్చే పప్పు బరువు దగ్గరే. పప్పు తగ్గిందని ఇచ్చినవాడు, పిక్కే పుచ్చిందని కోసినవాళ్లు. మొదటి నెలలో రెండుసార్లు మాటామాటా పెరిగింది. దీనికి విరుగుడు కటింగ్ పరీక్ష, సరుకు దిగిన రోజే ఇద్దరి ముందూ.

పద్ధతి ఇలా. ప్రతి పది బస్తాల్లో ఒకదాన్ని విప్పి పైన, నడుమ, అడుగు నుంచి పిక్క తీసి అంతా కలపాలి. కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మిగిలినవి మళ్లీ కలిపి, 1 కిలో మిగిలేదాకా ఇలాగే. ముందు ఎన్ని పిక్కలో లెక్కపెట్టాలి. 180–200 ఉంటే మంచి సైజు, 220 దాటితే చిన్న పిక్క, గుండు గ్రేడు పడిపోతుంది. అన్నీ కోసి మంచి పప్పును ఒకవైపు, మచ్చల పప్పును ఒకవైపు, పుచ్చు, తాలు, ముడతపడ్డవి ఒకవైపు పెట్టాలి. మంచి పప్పు బరువుకు మచ్చల పప్పు బరువులో సగం కలిపితే వచ్చేది అసలు అంకె. ఆ గ్రాముల్ని 0.08తో గుణిస్తే బస్తాకు ఎన్ని కిలోలో, 0.176తో గుణిస్తే వ్యాపారులు చెప్పే పౌండ్లలో ఎంతో వస్తుంది. 285 గ్రాములు వస్తే 22.8 కిలోలు, 50 పౌండ్ల పిక్క.

ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. ఆ 22.8 కిలోలు పొట్టుతో ఉన్న, బోర్మా ఎక్కని పప్పు. పొట్టు, తేమ కలిపి ఈ యూనిట్‌లో 12 శాతం దాకా పోతోంది. చేతికొచ్చేది 20 కిలోలు. కాబట్టి ఒప్పందం కూడా అలాగే రాసుకున్నారు: పరీక్ష బరువులో 12 శాతం తీసి మిగిలింది తిరిగివ్వాలి, అందులో గుండు 68 శాతానికి తగ్గకూడదు, అంతకు మించితే కిలోకి ఇంతని బోనస్, పెంకు యూనిట్‌కే. పెంకు మాట కాగితం మీద ఉండడం ముఖ్యం. బాయిలర్‌కి అదే కట్టె.

తర్వాత ఈ పరీక్షే సొంత కొనుగోలుకూ కొలబద్ద అయింది. 1 కిలోకి 10 గ్రాముల పప్పు తగ్గితే బస్తాకు 700 గ్రాముల పొట్టు తీసిన పప్పు తగ్గుతుంది, 430 రూపాయలు. కిలో పిక్కకు 5 రూపాయల పైన. ‘పది గ్రాములకు ఐదు రూపాయలు’ అని గోడ మీద రాసి పెట్టారు. బేరం ఆడేవాళ్లకు అంతకు మించిన పాఠం అక్కర్లేకపోయింది.

రెండో నిర్ణయం గుండు శాతం మీద పట్టు. పని మొదలైనప్పుడు గుండు 61 శాతమే. కారణాలు మూడు దొరికాయి. ఒకటి, చిన్నా పెద్దా పిక్క కలిపి ఒకేసారి ఆవిరి పట్టడం. పెద్దది సరిగా ఉడకదు, పెంకు పప్పును వదలదు. ఆ సమయానికే చిన్నది మించిపోయి పప్పు రంగు మారుతుంది. మూడు సైజులకు జల్లెడ పట్టి, చిన్నదానికీ పెద్దదానికీ 4–5 నిమిషాల తేడాతో ఆవిరి ఇవ్వడం మొదలుపెట్టారు. ఉడికింది రాత్రంతా పలచగా పరిచి, పూర్తిగా చల్లారాకే కటింగ్‌కి. రెండు, బోర్మాలో పైట్రేలు, కిందిట్రేలు ఒకేలా ఎండవు. 70–75 డిగ్రీల్లో 6–8 గంటలు ఉంచేటప్పుడు మధ్యలో ట్రేలు తారుమారు చేయాలి. వేళ్ల మధ్య నలిపితే పొట్టు రాలిపోవాలి. తక్కువ ఎండితే చాకు గాట్లు పడతాయి, ఎక్కువ ఎండితే బద్దలైపోతుంది.

మూడోది కూలి కట్టే తీరు. మొదట్లో రోజు కూలి, పని నెమ్మదిగా సాగింది. తర్వాత మొత్తం పప్పు బరువు మీద కూలి పెట్టారు, పని వేగం పెరిగింది, ముక్క ఇంకా పెరిగింది. ఎవరు ఏం చేసినా కూలి ఏ అంకె మీద కడితే చెయ్యి ఆ అంకె వైపే నడుస్తుంది. చివరికి మొత్తం బరువుకు ఒక రేటు, అందులో గుండు కిలోలకు పైన అదనపు రేటు. ఆరు వారాల్లో గుండు 69–70కి చేరింది. పదకొండు మంది కటింగ్ చేసేవాళ్లకు ఆముదం, బూడిద యూనిట్ ఖర్చు మీదే ఇవ్వడం కూడా అప్పుడే మొదలైంది. పెంకు నూనె చర్మం కాలుస్తుంది. చేతి తొడుగులు ఇస్తే జారతాయని తీసి పక్కన పెట్టేశారు. చేతులు పొక్కినవాళ్లు రెండు మూడు రోజులు రారు, ఆ రోజుల్లో వాళ్ల టేబుల్ ఖాళీ.

మూడో నిర్ణయం డబ్బు. జాబ్ వర్క్ ఏడు నెలలు నడిచాక ఖాతా పుస్తకం చూపించదగ్గదిగా తయారైంది. ముందు మూలధనం కోసం దరఖాస్తు. అర్హులు 18 మంది తేలారు, తలా 40 వేల చొప్పున 7.2 లక్షలు. ఇది పట్టణ సమాఖ్య ద్వారా సభ్యులకు అప్పుగా వచ్చే డబ్బు, ఉచితం కాదు. ఈ మాట మొదటి సమావేశంలోనే చెప్పి సంతకాలు తీసుకున్నాం, సబ్సిడీ విషయంలో జరిగిన తికమక మళ్లీ రాకూడదని.

7.2 లక్షలతో ఎన్ని బస్తాలు తిప్పగలమో వెనక నుంచి లెక్క వేశాం. బస్తాకు పిక్క, ఖర్చు కలిపి 11 వేలు. రోజుకు 2 బస్తాలు, 32 రోజులు: 7 లక్షల 4 వేలు. కాబట్టి సొంతం 2 బస్తాలు, జాబ్ వర్క్ 3. అయిదూ సొంతమే చేద్దామన్న ఒత్తిడి గట్టిగా వచ్చింది. ఆ ఉత్సాహానికి లొంగి ఉంటే పదమూడో రోజుకు డబ్బు అయిపోయేది, జాబ్ వర్క్ ఇచ్చేవాళ్లు వేరే యూనిట్ చూసుకునేవాళ్లు.

బద్ద, ముక్క మీద ఇంకో చిన్న ఎత్తు. శ్రీకాకుళం, విజయనగరంలోని మిఠాయి దుకాణాలకూ బేకరీలకూ గుండు అక్కర్లేదు, బద్ద చాలు. వాళ్లు వారం వారం నగదిస్తారు. 2 బస్తాల బద్ద, ముక్కల మీద రోజుకు 6 వేలు, జాబ్ వర్క్ మీద 6 వేలు. రెండూ కలిస్తే 5 బస్తాల కూలి, కరెంటు 9 వేలు దాటి వస్తాయి. కూలి కోసం గుండు బాకీ మీద ఆధారపడడం పోయింది.

గుండు విషయంలో టోకు వ్యాపారికి కిలోకి 5 రూపాయలు తగ్గించి, 20 రోజుల బాకీని 12కి దింపారు. బస్తాకు 70 రూపాయలు పోతుంది. 11 వేల మీద 8 రోజుల బ్యాంకు వడ్డీ 25 రూపాయలు కూడా కాదు, కాబట్టి ఇది నష్టపు బేరమని బ్యాంకు లెక్క చెబుతుంది. కానీ డబ్బు కరువైన చోట అదే 11 వేలు 32 రోజులకు 1,500 తెస్తోంది. 8 రోజులు ముందుగా వస్తే ఆ వాటా 375. కరువు ఉన్నంతకాలం 70 ఇచ్చి 375 తెచ్చుకోవడం సరే. తర్వాత బ్యాంకు నుంచి క్యాష్ క్రెడిట్ (పరిమితి లోపు అవసరమైనప్పుడు తీసుకుని తిరిగి కట్టే అప్పు) వచ్చాక ఈ తగ్గింపు ఆపేశారు.

క్యాష్ క్రెడిట్‌కి అమ్మకాల అంచనా మీదే దరఖాస్తు. రోజుకు 2 బస్తాలు, 240 రోజులు, 60 లక్షలు. చిన్న పరిశ్రమలకు అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు, 5 శాతం సొంతం అన్న పద్ధతి ప్రకారం 12 లక్షలు అడిగితే 8 లక్షలు మంజూరైంది. ఇందులోనూ మెలిక ఉంది. పరిమితి 8 లక్షలైనా తీయగలిగేది నిల్వ, రాబాకీల విలువలో 75 శాతమే. ప్రతి నెలా నిల్వ పట్టిక ఇవ్వకపోతే బ్యాంకు చేతులు కట్టేస్తుంది. పట్టిక రాయడం కోసమే ఒక సభ్యురాలికి రోజు కూలి కట్టిచ్చారు. ఆ డబ్బు ఏప్రిల్, మేలో 80 పైచిలుకు బస్తాల ఎండు తోట పిక్కగా మారింది. రోజుకు 2 చొప్పున 40 రోజులకు పైన.

ఎండబెట్టడంలో ఈసారి తొందరపడలేదు. సిమెంటు కళ్ళం మీద 5–7 సెంటీమీటర్ల మందంలో పరచి, రోజుకు రెండుసార్లు కలియబెట్టి, 2–3 మంచి ఎండలు. గుప్పెడు తీసి ఊపితే గలగలమనాలి, బొటనవేలి గోరు నొక్కితే పెంకు మీద గుర్తు పడకూడదు. ఆ తర్వాతే గోనె బస్తా, చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో.

మిగతావి క్లుప్తంగా: అమ్మకాలు అప్పటి పరిమితి 12 లక్షలు దాటుతున్నాయి గనక ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చాలలేదు, రాష్ట్ర లైసెన్సే తీసుకోవాల్సి వచ్చింది. పెంకు పొగ మీద చుట్టుపక్కల ఇళ్ల వాళ్ల ఫిర్యాదుతో రెండు వారాలు బాయిలర్ ఆగింది, గొట్టం ఎత్తు పెంచాక సద్దుమణిగింది. షెడ్డు ఎంచుకునే రోజునే చూడాల్సిన విషయం ఇది.

మళ్లీ చేస్తే ఏం మార్చాలి

యంత్రాలు 14 లక్షలకు కాకుండా 8 లక్షలకు తగ్గించి, 5 కటింగ్ టేబుళ్లతో మొదలుపెట్టాలి. కిస్తీ సగం కంటే కాస్త ఎక్కువకు దిగుతుంది, తిరిగే డబ్బు అవసరమూ సగమే. మూలధనం దరఖాస్తు యంత్రాల దరఖాస్తుతో పాటే వెళ్లాలి. యంత్రం దిగిన రోజు నుంచి కిస్తీ నడుస్తుంది, డబ్బు కోసం ఏడు నెలలు ఆగే వ్యవధి అందరికీ ఉండదు. మొదటి ఆరు నెలలు జాబ్ వర్క్ అన్నది ప్రాజెక్టు రిపోర్టులోనే రాయాలి. అప్పుడది ఓటమిలా అనిపించదు.

పట్టణ స్థాయిలో సమీక్షలు చేసేవాళ్లకు ఒక మాట. ఎన్ని యూనిట్లు గ్రౌండ్ అయ్యాయన్న గడి పక్కన, ఈ నెల ఎన్ని రోజులు నడిచాయన్న గడి ఒకటి పెడితే చాలు. 41 రోజుల సంగతి ఎనిమిదో నెలలో కాదు, రెండో నెలలోనే బయటపడేది.

ఇప్పటి స్థితి

యూనిట్ నెలకు 23–25 రోజులు నడుస్తోంది. కిస్తీలు సరిపోయాయి. తేలనివి రెండున్నాయి. జాబ్ వర్క్ మూడు బస్తాలూ ఇద్దరు వ్యాపారుల నుంచే వస్తున్నాయి, వాళ్లలో ఒకరు ఆటోమేటిక్ కటింగ్ యంత్రం బిగించుకుంటున్నారు. అది తిరగడం మొదలైతే ఒక బస్తా, బహుశా రెండు, పోతాయి. ఆ ఖాళీని సొంత పిక్కతో పూడ్చాలంటే రోజుకు ఒక బస్తాకు మూడున్నర లక్షల చొప్పున డబ్బు కావాలి, లేదా ఆ యంత్రం కోసిన పప్పుకు పీలింగ్, గ్రేడింగ్ మాత్రమే తీసుకోవాలి. పీలింగ్‌కి రేటు తక్కువ, పెంకు రాదు, బాయిలర్‌కి కట్టె కొనాలి. సభ్యులు ఈ రెండు లెక్కలూ వేసి పెట్టుకున్నారు. మార్చిలో కొత్త తోట పిక్క ధర తేలాక ఏ దారో తేల్చుకుంటారు. ఈలోగా గోదాం తలుపు మీద సుద్దతో రోజూ ఒకే అంకె రాస్తున్నారు: ఇంకా ఎన్ని రోజులకు పిక్క ఉందో.